ఉద్దేశం లేని బాణం

మా ఊళ్లో వేరుశనగ విత్తేది మనుషులు, పీకేది అడవి పందులు. మధ్యలో మందు కొట్టడం, కలుపు తీయించడం, వాన కోసం మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడడం మా వంతు. ఈ ఏర్పాటు పందులకు బాగా నచ్చింది. అటవీశాఖకూ పెద్దగా అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

మేం చేయని ప్రయత్నం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాం. పందులు చీరల కింద దూరి వచ్చాయి. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం. వెంట్రుక ముక్కులోకి పోతే పంది తుమ్ముతుందని, తుమ్మితే పారిపోతుందని ఎవరో చెప్పారు. మొదటి సగం నిజమే. తుమ్మాయి, తుమ్మి తిన్నాయి. టపాకాయలు కాల్చాం. కొన్నాళ్లు బెదిరాయి. తర్వాత టపాకాయ మోగిందంటే అక్కడ కాయ ఊరిందని అర్థం చేసుకుని మందలు మందలుగా అటే రావడం మొదలుపెట్టాయి. కరెంటు తీగ పెడితే జైలు. తుపాకీ ముట్టుకుంటే జైలు. పందిని నోటితో తిడితే ఏ సెక్షను కిందికి వస్తుందో ఇంకా తేలలేదు గాని, తేల్చే పనిలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ఆ ఏడు నా నాలుగెకరాలూ నేనే నమ్మలేనట్టు పండాయి. వాన అదనుకు పడింది. ఊడలు బాగా దిగాయి. చెట్టు పీకి చూస్తే కాయ గుత్తులు గుత్తులు. నా పెండ్లాం సుంకమ్మ రోజూ పొద్దున్నే ఒక చెట్టు పీకి, కాయలు చూసుకుని, నా వైపు అనుమానంగా చూసేది.

“ఈసారి గూడా కాయ ఇంటికి రాలేదంటే నేను మా అమ్మగారింటికి పోతా” అంది ఒకరోజు.

“ఆడ ఎవురుండారే? మీ అమ్మ పోయి ఎంత కాలమాయ.”

“ఎవురూ లేకపోతేనేమి. ఆ ఊళ్లో పందులు గూడా లేవు” అంది.

నా పక్క చేను కుళ్లాయప్పది. వరసకు మేం ఒకరికొకరం ఏమీ కాము. అయినా నడక వచ్చినప్పటి నుంచి బావా అంటే బావా అని పిలుచుకుంటున్నాం. అతని చేనుకూ నా చేనుకూ మధ్య ఒక గట్టు, ఆ గట్టు మీద మా ఇద్దరి బీడీ ముక్కలు. అతని పైరూ ఆ ఏడు నా పైరంత బాగానే ఉంది. అంటే పందులకు రెండిళ్ల భోజనం.

అలాంటి సమయంలో రేంజి ఆఫీసరు చంద్రమౌళి గారు ఊరికొచ్చి, రైతులందరినీ పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి, జేబులోంచి ఒక కాగితం తీసి గొంతు సవరించుకున్నారు.

“రైతు సోదరులారా. వన్యప్రాణి విషయంలో చట్టం శిక్షించేది చర్యను కాదు, చర్య వెనుక గల ఉద్దేశాన్ని. ఉద్దేశం లేని చోట నేరం లేదు. కావున నిపుణుల సంఘం దీర్ఘ సమాలోచనల అనంతరం సిఫారసు చేయునది ఏమనగా, సంప్రదాయ విల్లుతో, గురి చూడకుండా, కేవలం సహజ ప్రవృత్తి చేత విడువబడిన బాణము పందికి తగిలిన యెడల దానిని వేటగా పరిగణించరాదు.”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. కుళ్లాయప్ప మాత్రం లేచి నిలబడ్డాడు.

“అంటే సార్, గురి జూసి కొడితే?”

“నేరం.”

“జూడకుండా కొడితే?”

“సంప్రదాయం.”

“జూడకుండా కొట్టి తగలకపోతే?”

“అది మరింత ఉత్తమమైన సంప్రదాయం” అన్నారు చంద్రమౌళి గారు.

“గురి జూడకుండా పందికి ఎట్ల తగుల్తాది సార్?” అని నేను అడిగాను.

“అందుకే కదా శిక్షణ” అన్నారాయన, నా చదువెంతో నా మొహంలోనే కనబడినట్టు.

శిక్షణ హైస్కూలు మైదానంలో పెట్టారు. నేను ఆరో తరగతిలో వదిలేసిన బడి అది. అప్పుడు నాకు ఆలోచించడం రాదని ఇంటికి పంపించారు. ఇప్పుడు ఆలోచించడం మానేయమని పిలిపించారు. చదువు మీద నాకు గౌరవం పెరిగింది.

నేర్పడానికి బెంగళూరు నుంచి విహాన్ సారు వచ్చాడు. జుట్టు ముడి వేసుకుంటాడు, కాళ్లకు చెప్పులు వేసుకోడు. మొదటి రోజే మైదానంలో పల్లేరుకాయలు గుచ్చుకుని, నడిచిన ప్రతి అడుగునూ అనుభూతి చెందాడు. పట్నంలో పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు మనసు తేలికపడడానికి ఇతని దగ్గర విల్లు నేర్చుకుంటారట. మా మనసు తేలికపడాలంటే పంది పోవాలి, అంతే తేడా.

“రెండు కళ్లూ తెరిచే ఉంచండి” అని చెప్పాడు. “బాణం మొనను చూడొద్దు. బాణం ఉందనే మర్చిపోండి. తగలాల్సిన చోట ఒక్క చిన్న మచ్చ ఎంచుకుని దాన్నే చూడండి. విల్లు కాస్త పక్కకు వాల్చండి. నారి లాగిన వేలు ప్రతిసారీ నోటి కొసకే ఆనాలి. ఆనిందా, వదిలేయండి. మిగతాది చెయ్యి చూసుకుంటుంది. కుక్క మీదికి రాయి విసిరేటప్పుడు లెక్కలు వేస్తారా? వేయరు కదా.”

ఇంతవరకు మాకు బాగానే అర్థమైంది. “మీరు విల్లును పట్టుకోలేదు, విల్లే మిమ్మల్ని పట్టుకుంది” అన్న దగ్గర్నుంచి కాస్త తేడా వచ్చింది.

చెప్పినంత తేలిక కాదు. ఆలోచించకూడదు అనుకోవడమే ఒక ఆలోచన. నేను వెదురు విల్లు లాగి, ఆలోచించకుండా ఉండడం గురించి గట్టిగా ఆలోచించి వదిలితే బాణం పోయి బడి ప్రహరీ అవతల పడింది. ఇంకోటి వదిలితే మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ సాంబారు గుండిగ మూత మీద టంగుమని మోగింది. కుళ్లాయప్ప బాణాలైతే ఎటు పోతున్నాయో కుళ్లాయప్పకే తెలియదు. అతను వదిలేటప్పుడు మేమంతా అతని వెనక్కి పోయి నిలబడేవాళ్లం. కొన్నిసార్లు అదీ క్షేమం కాదనిపించేది.

నాకు కిటుకు తెలిసింది ఇంటి పెరట్లో. గోనెసంచిలో గడ్డి కూరి, మధ్యలో పసుపుతో ఒక చుక్క పెట్టి కొడుతున్నాను. ఒక్కటీ తగలడం లేదు. కుళ్లాయప్ప వెనక మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తూ, ఊళ్లో సంగతులు చెబుతున్నాడు.

“సర్పంచు కొడుకు బర్రెను కొన్నాడు జూస్తివా బావా? పాలు పితకబోతే తన్నింది. డాక్టరు కాడికి ఎత్తకపోయిరి.”

“ఎవురిని? బర్రెనా?” అన్నాను నారి లాగుతూ.

“కాదురా, వాన్ని. దవడ వాసింది. బర్రె బాగానే ఉంది.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వదిలేశాను. బాణం పసుపు చుక్కలో దిగింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. అతను కబుర్లు చెప్పడం, నేను ‘ఊ’ కొడుతూ కొట్టడం. వేరే మాటలో మనసు పడితే చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. వేలు నోటి కొసకు ఆనిన సంగతి కూడా నాకు తెలిసేది కాదు, తెలిసేసరికి బాణం సంచిలో ఉండేది. నా జన్మలో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. సాయంత్రమైతే సంచిలోంచి బాణాలు పీకుతూ, చెప్పుకుంటే సిగ్గుగాని, ఈల వేసేవాణ్ని.

ఆపైన పరీక్ష పెట్టారు. అందుకోసం జిల్లా నుంచి కొత్త అధికారి వచ్చింది. పేరు హైమవతి. ఆమె హోదా ఉద్దేశ నిర్ధారణాధికారి. గంజి పెట్టిన నూలు చీర, మెత్తటి మాట. కోప్పడదు. కోప్పడే ఉద్దేశం కూడా ఆమెకు లేదు.

కుళ్లాయప్పను సర్పంచు బర్రె గురించి ఇంకాస్త చెప్పమని దగ్గర కూర్చోబెట్టుకుని నేను మూడు బాణాలు వేశాను. మూడూ మచ్చలో దిగాయి. విహాన్ సారు కళ్లు తుడుచుకున్నాడు. ఊరంతా ఈలలు వేసింది. హైమవతి మేడమ్ నెమ్మదిగా నా దగ్గరకు వచ్చింది.

“మూడూ తగిలాయి.”

“అవును మేడమ్.”

“ఎలా తగిలాయి?”

“తెల్దు మేడమ్. తగిలినాయి.”

“చూడండి, ఒకటి తగిలితే యాదృచ్ఛికం. రెండు తగిలితే అలవాటు. మూడు తగిలితే ఉద్దేశం.” ఆమె జాలిగా నా వైపు చూసింది. “మీకు పందుల పట్ల ఎలాంటి భావం ఉంది?”

“నాలుగెకరాలు చెనిక్కాయ ఏసినా మేడమ్.”

“నేను అడిగింది భావం.”

“అదే జెప్తాండా.”

నన్ను పరీక్షలో తప్పించారు. విహాన్ సారు చంద్రమౌళి గారి దగ్గరకు పరుగెత్తి, “సార్, తగలడం కోసమే కదా ఇదంతా” అన్నాడు. చంద్రమౌళి గారు అతని భుజం తట్టి, “మీది కళ. మాది పరిపాలన” అన్నారు. ఆ సాయంత్రం బస్సుకే విహాన్ సారు వెళ్లిపోయాడు, ఈసారి చెప్పులు వేసుకుని.

పరీక్షలో నా తర్వాత కుళ్లాయప్ప వేసిన బాణం షామియానా తాడు తెంపింది. షామియానా మెల్లగా వంగి చంద్రమౌళి గారి మీద పడింది. గుడ్డ కింద నుంచి ఆయన బయటికి వచ్చేసరికి హైమవతి మేడమ్ కుళ్లాయప్పకు చేయి కలుపుతూ ఉంది. “నిష్కల్మషం” అంది. “ఇతనిలో లక్ష్యం పట్ల ఏ కోరికా లేదు.” జిల్లాలో మొదటి లైసెన్సు కుళ్లాయప్పకు ఇచ్చారు. దండ కూడా వేశారు. అతను దండ మెడలో వేసుకునే నా దగ్గరకు వచ్చి, “నాకేమీ కొట్టను రాదు బావా, వాళ్లకు జెప్పబ్యాడ” అన్నాడు.

అలా మా మండలంలో బాణం వేయడం బొత్తిగా రానివాళ్లందరికీ లైసెన్సులు వచ్చాయి. వేయడం వచ్చినవాళ్లంతా ఉత్త చేతులతో ఇళ్లకు వచ్చారు. పందులకు ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. లైసెన్సున్న రైతు మంచె ఎక్కి కూర్చుంటే, పంది వచ్చి ఆ మంచె కిందే పడుకునేది. అంతకంటే భద్రమైన చోటు చుట్టుపక్కల లేదు.

నా చేనులో ఒక మూల పోయింది. దుక్కి దున్నినట్టు మన్ను పైకి తిరగేసి, కాయ తిని, ఆకు మాకు వదిలేశాయి. సుంకమ్మ తన సూట్‌కేసు అటక మీద నుంచి దించి తుడిచింది. అందులో ఏమీ పెట్టలేదు. మూత తెరిచి నడిమింట్లో ఉంచింది, అంతే.

రైతులమంతా పందులు పీకిన చెట్లు తీసుకుపోయి రేంజి ఆఫీసు మెట్ల మీద పోశాం. దాంతో సంఘం మళ్లీ కూర్చుంది. ఈసారి చంద్రమౌళి గారు ఇంకా పెద్ద కాగితంతో వచ్చారు.

“తగలడం దోషం కాదని సంఘం గ్రహించింది. తగలాలన్న కోరికే దోషం. ఆ కోరిక ఎక్కడిది? ఈ పంట నాది అన్న మమకారం నుంచి. కావున ఎవరూ తమ సొంత చేనులో విల్లు పట్టరాదు. పరుల చేనులో పట్టవచ్చు. పరీక్షలో తగిలినందువల్ల తిరస్కరింపబడిన వారు కూడా ఇకపై అర్హులే.”

నేనూ కుళ్లాయప్పా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంతకన్నా ఏం కావాలి? అతని చేనుకు నేను కాపలా, నా చేనుకు అతను. అతనికి కొట్టడం రాదు నిజమే, కానీ అరవడం వచ్చు. ఆ సంతోషంలో నేరుగా హైమవతి మేడమ్ ముందుకు పోయి నిలబడ్డాం.

“మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?” అంది.

“స్నేహితులం మేడమ్” అన్నాను. చదువు లేనివాడికి నోరు ముందు పుడుతుంది. “చిన్నప్పటి నుంచి.”

“అయితే ఇతని పంట బాగుండాలని మీరు కోరుకుంటారు.”

“కోరుకోనా మేడమ్?”

“కోరుకోవడంలో తప్పు లేదు. కానీ కోరిక ఉన్న చోట ఉద్దేశం ఉంటుంది. కాపలా వ్యక్తికి ఆ పంట దక్కాలన్న ఆశ లేశమైనా ఉండరాదు. దక్కకపోతే సంతోషించే స్వభావం ఉంటే మరీ మంచిది.”

“అంటే ఇరోధిని పెట్టుకోవల్నా?” అన్నాడు కుళ్లాయప్ప.

“విరోధి అని మేం అనం” అంది మేడమ్. “నిరాసక్త ధనుర్ధారి అంటాం.”

ఊళ్లో నిజమైన విరోధులకు కొదవ లేదు. గట్టు జరిపాడని ఒకడు, కోడిని కొట్టాడని ఒకడు, ఎందుకో మర్చిపోయి కూడా మాట్లాడుకోని అన్నదమ్ములు ఎంతోమంది. కానీ నిజమైన విరోధిని చేనులో కూర్చోబెడితే వాడు పందులకు కాయ ఒలిచి పెడతాడు. కాబట్టి మనసులో స్నేహం, బయటికి పగ ఉన్నవాళ్లు కావాలి. ఆ వారమంతా ఊళ్లో ఎక్కడ చూసినా ప్రాణస్నేహితులు చొక్కాలు పట్టుకుని కొట్లాడుకుంటూ కనిపించారు. టీ కొట్టు దగ్గర ఒకడు ఇంకొకడి మొహాన టీ పోసి, మెల్లగా “కాలిందా?” అని అడిగాడు. సుంకమ్మ కూడా మేడమ్ దగ్గరకు వెళ్లి, “మా ఆయన చేనుకు నేనుంటా. నాకంటే ఇరోధి ఆయనకు ఈ భూమ్మీద ల్యాడు” అంది. దాంపత్యాన్ని వైరంగా పరిగణించే వెసులుబాటు ప్రస్తుతానికి లేదని మేడమ్ విచారపడింది.

నేనూ కుళ్లాయప్పా గట్టు మీద కూర్చుని మా తగాదా తయారు చేసుకున్నాం. గట్టు రాయి నేను జరిపానని అతను అనాలి. నీ తాతే జరిపాడని నేను అనాలి. రెండుసార్లు అనుకుని చూసుకున్నాం. రెండోసారికి ఇద్దరికీ నవ్వాగలేదు.

పంచాయతీ ఆఫీసులో మేడమ్ ముందు నిలబడి గట్టు రాయి మాట ఎత్తాం. ఆమె చేయి ఎత్తి ఆపింది.

“ఇది ముందే అనుకుని వచ్చిన గొడవ. ఇందులో ఉద్దేశం ఉంది. నాకు కావలసింది సహజ వైరం. అది ఆలోచించకుండా రావాలి, బాణంలాగా.”

కుళ్లాయప్ప బిక్కమొహం వేశాడు. నా నాలుగెకరాలు నా కళ్ల ముందు తిరిగాయి. ఏదో ఒకటి అనాలని, “ఆయప్పకు తగాదా గూడా సరిగ్గా రాదు మేడమ్. ఏదీ రాదు” అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అతను నవ్వలేదు.

“నీకన్నీ వచ్చులే” అన్నాడు. “ఆరో తరగతిలో పలక ఇడిసిపెట్టినోనివి, అన్నీ తెలిసినట్టు మాట్లాడతావు. ఈడ నీళ్లు పడతాయి, ఏసేయ్ బావా అని నువ్వంటివి. నీ మాట ఇని బోరేస్తి. ఏం పడె? దుమ్ము పడె. ఇన్నేండ్లాయ, నిన్ను ఒక్కమాట అన్నానా?”

పలక మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మచ్చ మీదే.

“నీకు నీళ్లెట్ల పడతాయప్పా” అన్నాను. “అప్పుడు బాయిలో నీళ్లు పెట్టుకుని, మీ అన్న పైరు ఎండిపోతాంటే ఒక్క తడి ఇయ్యనోనివి. నీకు భూదేవి నీళ్లిస్తాదా?”

బల్ల వెనక చంద్రమౌళి గారు కాగితాల వైపు చూశారు. కుళ్లాయప్ప మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. హైమవతి మేడమ్ మాత్రం మెరిసిపోతూ లేచి, ఇద్దరికీ చేయి కలిపింది.

“అద్భుతం. చాలా సహజంగా ఉంది. మీరిద్దరూ అర్హులు.”

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే దారిన ఇంటికి వచ్చాం, అతను ఆ అంచున, నేను ఈ అంచున.

అతని చేనులో నా మంచె, నా చేనులో అతని మంచె. ఒకరికొకరం బాగా కనబడతాం. చీకటి పడే వేళ నా చేనులోకి పందులు దిగుతుంటే నేను చూస్తూ ఉండేవాణ్ని. విల్లు పట్టి నా చేనులోకి నేను పోకూడదు కదా. కుళ్లాయప్ప బాణాలు వేసేవాడు. ఒక్కటీ తగిలేది కాదు. కావాలని తప్పుతున్నాడా, రాక తప్పుతున్నాడా? ఎంత చూసినా తెలిసేది కాదు. ఇంకొకరి ఉద్దేశం కనిపెట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసి, హైమవతి మేడమ్ మీద నాకు జాలి కలిగింది.

అతని చేనులోకి పందులొస్తే నేను విల్లు ఎత్తలేదు. రెండు కళ్లూ తెరిచే ఉంచాను. మనసులో ఏ కోరికా లేదు. తినండి అనుకున్నాను. విహాన్ సారు చెప్పిన స్థితి ఇదే కాబోలు.

ఒక తెల్లవారుజామున, ఇంకా మంచు వదలకముందే, మంచె మీద కూర్చుని మనసులో కుళ్లాయప్పతో కొట్లాడుతున్నాను. నీళ్లు పడతాయని నేను అన్నానా? పడొచ్చు అన్నాను. పడతాయికీ పడొచ్చుకూ తేడా తెలియదా, నువ్వు ఎంత చదివావు మహా, ఏడే కదా, అది కూడా తప్పావు కదా. గెలుస్తున్నాను. అతనికి మాట తోచడం లేదు. ఇంకొక్క మాటంటే అయిపోతాడు. ఆ మాట వెతుక్కుంటూ ఉండగా కింద ఏదో పెద్దగా మూలిగి, కూలబడిన చప్పుడైంది.

చూస్తే నా విల్లు నా చేతిలో ఎత్తి ఉంది. వేలు ఇంకా నోటి కొసనే ఉంది. వేరుశనగ సాళ్ల మధ్య ఒక నల్లటి పంది, దూడంత ఉంది, పక్కకు ఒరిగి పడి ఉంది. బాణం ముందుకాలి వెనక, సరిగ్గా మచ్చ పెట్టాల్సిన చోట దిగి ఉంది.

కుళ్లాయప్ప గట్టు దూకి వచ్చాడు. పందిని చూశాడు, నన్ను చూశాడు.

“నువ్వేనా?”

“నేను గాదు. చెయ్యి.”

“నా చేను గదా. ఎందుకు కొడ్తివి?”

“నేను జూసుకోలేదప్పా. నిన్ను తిట్టుకుంటాంటి.”

అతను సాలు మీద కూలబడి, “నేను గూడా అంతే” అన్నాడు. “ఆ మంచె మీద కూసుంటే నీతోనే కొట్లాట. పందులు ఎప్పుడొచ్చినాయో, ఎప్పుడు పోయినాయో గూడా తెలీలేదు.” జేబు తడుముకుని బీడీ తీసి ముట్టించాడు. రెండు పీల్పులు పీల్చి, అలవాటు ప్రకారం నాకు అందించాడు. నేనూ అలవాటు ప్రకారం అందుకున్నాను. ఉద్దేశం ఏమీ లేదు.

అప్పుడే దారిలో జీపు ఆగింది. పంది అరుపు విని, పంచాయతీ ఆఫీసులో మకాం ఉన్న అధికారులకు ఎవరో ఫోన్ చేశారట. చంద్రమౌళి గారు, హైమవతి మేడమ్, ఒక ఫారెస్టు గార్డు గట్టు దిగి వచ్చారు. పంది చుట్టూ తిరిగి, బాణం చూసి, చివరికి మేడమ్ చూపు నా చేతిలో ఉన్న బీడీ మీద ఆగింది. తర్వాత కుళ్లాయప్ప చేతిలో ఉన్న అగ్గిపెట్టె మీద ఆగింది.

“మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?” అంది మెత్తగా.

అర్థమైంది. మాట్లాడుకుంటున్నామంటే స్నేహం. స్నేహమంటే కోరిక. కోరిక అంటే ఈ పంది వేట, నేను జైలు. కాయ పీకాల్సిన అదను ఇదే. నేను లోపల ఉంటే నాలుగెకరాలూ పందులకే.

కుళ్లాయప్ప లేచాడు. లుంగీ ఎగ్గట్టాడు.

“వీనితో మాటా?” అన్నాడు. “వీని నోరు పడిపోను, వీని చేతులిరిగి పొయిలో పడ. నా చేన్లోకొచ్చి నా బీడీ గుంజుకుంటాడా? యెదవ బతుకు, యెదవ మొగము. వీని మంచె కూలిపోను. వీని విత్తనం మొలవకపోను. వీని తాత గాడిదలు కాసె, వీని నాయన ఆ గాడిదలకు భయపడె...” అంటూ మా వంశంలో నాకు తెలియనివాళ్లను కూడా పేరుపేరునా పిలిచి తిట్టాడు. తిడుతుంటే అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేడమ్ దాన్ని కోపం అనుకుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అతని ఎద్దులు మొదలుకుని అతని అత్తగారి దాకా ఎవరినీ వదల్లేదు.

“వైరం సజీవంగా ఉంది” అంది మేడమ్, చెవులు మూసుకుంటూ. చంద్రమౌళి గారు నా వీపు తట్టి, “మండలంలో తొలి నిర్దోష బాణం” అన్నారు. రూలు ప్రకారం పందిని కిరసనాయిలు పోసి పూడ్చిపెట్టించారు. గుంత మా ఇద్దరిచేతే తీయించారు. తవ్వుతున్నంతసేపూ తిట్టుకున్నాం.

వైరం మధ్యలో చల్లారకుండా చూడడానికి, కాయ ఇంటికి చేరేదాకా ఫారెస్టు గార్డును గట్టు మీద కాపలా పెట్టి వాళ్లు వెళ్లిపోయారు. అతని పేరు దస్తగిరి. మంచివాడే. “మీరు ఊరికే ఉంటే నేను రిపోర్టు రాయల్ల. నా ఉద్యోగం గూడా జూసుకోండి” అన్నాడు.

అందువల్ల పొద్దు వాలింది మొదలు తెల్లవారేదాకా రెండు మంచెల మీద నుంచి నేనూ కుళ్లాయప్పా గొంతులు చించుకుని తిట్టుకునేవాళ్లం. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకునేవారు. తిట్లు అయిపోతే పాతవే రాగం తీసేవాళ్లం. కుళ్లాయప్పకు బాణం రాదు గాని, అతని గొంతు కొండ దాకా పోయి వెనక్కి వస్తుంది. ఆ గోలకు పందులు మా చేల చాయలకు కూడా రాలేదు. దస్తగిరి చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాడు.

విల్లు మళ్లీ ఎత్తే పని పడలేదు. కాయ పీకాం, కుప్ప వేశాం. మా రెండు చేలలో నష్టం ఆగిపోయిన సంగతి తెలిసి హైమవతి మేడమ్, ఇది ఉద్దేశ రహిత ధనుర్విద్య సాధించిన విజయం అని ఎక్కడో సభలో చెప్పిందట. చప్పట్లు కొట్టారట.

మొదటి బండి కాయ మా ఇంటి ముందు దిగిన సాయంత్రం సుంకమ్మ సూట్‌కేసు మూత వేసి అటక మీద పెట్టింది. తడి కాయ ఒక కుండెడు ఉప్పు వేసి ఉడకబెట్టింది. ఆ వాసన వీధంతా పోయింది. కుళ్లాయప్ప తన బండి వెంట మా ఇంటి ముందు నుంచి పోతూ నిలబడిపోయాడు. ఎదురింటి అరుగు మీద దస్తగిరి పెన్ను మూత తీసి మా ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాడు.

“థూ, నీ మొగం తగలబెట్ట” అన్నాడు కుళ్లాయప్ప వీధిలోంచి. “నీ గొంతు పూడిపోయిందంట గదా, మిరియాల కషాయం తాగినావా, ల్యాదా?”

“నీ నోట్లో మన్ను పడ” అన్నాను గుమ్మంలోంచి. “చెనిక్కాయలు ఉడకేసింది. సల్లారకముందే లోపలికొచ్చి తిని సావు.”